లెక్క తప్పేది పైన

1980 జూన్ 23 ఉదయం ఢిల్లీ సఫ్దర్‌జంగ్ విమానాశ్రయానికి దగ్గర్లో పిట్స్ ఎస్-2ఎ అనే చిన్న విమానం కూలింది. సంజయ్ గాంధీ, ఆయనతో ఉన్న శిక్షకుడు అక్కడికక్కడే మరణించారు. పిట్స్ గాలిలో పల్టీలు కొట్టడానికే తయారైన విమానం. ఒకదానిమీద ఒకటిగా రెండు రెక్కలు, ఈ కొస నుంచి ఆ కొసకు ఆరు మీటర్లు, 200 హార్స్‌పవర్ ఇంజన్. ఇలాంటి వార్త వినగానే మన అనుమానం ఇంజన్ మీదికో రెక్కల మీదికో పోతుంది. కానీ నేలకు దగ్గరగా చేసే విన్యాసాల్లో ఏ లోపమూ లేని విమానం కూడా కూలగలదు. అదెలాగో తెలియాలంటే లూప్ లెక్క చూడాలి.

లూప్ అంటే నిలువు పల్టీ. విమానం వేగంగా వచ్చి ముక్కు పైకెత్తి, శిఖరం దగ్గర తలకిందులై, మళ్లీ కిందికి దిగి మొదటి దారిలో కలుస్తుంది. ఉయ్యాలలాగే ఇక్కడా పైకి వెళ్తే వేగం పోతుంది, కిందికి వస్తే తిరిగొస్తుంది. దిగేటప్పుడు ముక్కును మళ్లీ నేలకు సమాంతరంగా తేవడానికి కొంత ఎత్తు ఖర్చవుతుంది. ఎంత ఖర్చవుతుందన్నది వేగం మీద, వేగం కంటే వేగం వర్గం మీద ఆధారపడుతుంది.

రెక్కలు విమానం బరువుకు నాలుగింతల బలం ఇస్తున్నాయనుకుందాం. పైలట్ల భాషలో 4 జి. అందులో ఒక వంతు బరువు మోయడానికే పోతుంది, దారిని వంచడానికి మూడు వంతులు మిగులుతాయి. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో ఆ వంపు వ్యాసార్ధం దాదాపు 105 మీటర్లు. వేగం 250 అయితే 164 మీటర్లు. వేగం పెరిగింది పావు వంతే, కావలసిన ఎత్తు మాత్రం సగానికి పైగా పెరిగింది.

మరి ఇంకా గట్టిగా లాగితే? నేల దూసుకొస్తుంటే ఏ చేయి అయినా చేసే పని అదే. కానీ రెక్క గాలిని ఒక హద్దు వరకే వంచగలదు. గాలికి రెక్క చేసే కోణం ఆ హద్దు దాటితే పైభాగాన గాలి ప్రవాహం విడిపోయి పైకెత్తే బలం, అంటే లిఫ్ట్, పడిపోతుంది. అదే స్టాల్. స్టాల్ అంటే వేగం తగ్గితేనే వచ్చేదని చాలామంది అనుకుంటారు, అది సగం నిజమే. మామూలు ప్రయాణంలో గంటకు 100 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం 4 జి లాగుతున్నప్పుడు 200 దగ్గరే స్టాల్ అవుతుంది. అంటే మనం పైన లెక్కకట్టిన 105 మీటర్లకు అది అంచుమీదే ఉంది. స్టిక్ ఇంకాస్త లాగితే వంపు తగ్గదు, చెడుతుంది.

అందుకే నా దృష్టిలో ఈ ప్రమాదాలు నేల దగ్గర జరిగేవి కావు, శిఖరం దగ్గర జరిగేవి. నేల దగ్గర మనకు కనిపిస్తాయంతే.

2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని షోరమ్ వైమానిక ప్రదర్శనలో హాకర్ హంటర్ అనే పాత జెట్ కూలింది. పిట్స్ పక్కన అది పెద్దదే, కానీ భౌతికశాస్త్రం ఒకటే. కాక్‌పిట్‌లో కెమెరాలు ఉండటంతో దర్యాప్తు బృందం ప్రతి అంకెనూ తవ్వి తీయగలిగింది. లూప్ మొదలైనప్పుడు విమానం రెండు వందల అడుగుల లోపు ఎత్తులో ఉంది. ఉండవలసిన వేగం గంటకు దాదాపు 650 కిలోమీటర్లు, ఉన్నది 575. ఎక్కేటప్పుడు ఇంజన్‌ను పూర్తి శక్తితో వాడలేదు. శిఖరం దగ్గర కనీసం 3,500 అడుగుల ఎత్తు కావాలి, అందింది 2,700. అక్కడ వేగం కూడా 195 కిలోమీటర్లకు పడిపోయింది. అంత నెమ్మదిలో రెక్కకు గాలి మీద పట్టు ఉండదు, కాబట్టి లాగుదామన్నా లాగలేని స్థితి. ప్రదర్శన చూడటానికి రానివాళ్లు సహా 11 మంది పక్కనే ఉన్న రహదారి మీద చనిపోయారు. పైలట్ తీవ్ర గాయాలతో బతికాడు.

ప్రదర్శన పైలట్లు శిఖరం దగ్గర ‘గేట్’ పెట్టుకుంటారు. ఇంత ఎత్తు, ఇంత వేగం ఉంటేనే దిగాలి. లేకుంటే విమానాన్ని దొర్లించి నిటారు చేసుకుని తప్పుకోవాలి. షోరమ్‌లో శిఖరం దాటాక నాలుగు సెకన్ల వరకూ అలా తప్పించుకునే వీలుందని దర్యాప్తు పరీక్షల్లో తేలింది. పైలట్‌కు వేరే రకం విమానం అంకెలు గుర్తొచ్చి ఉండవచ్చని కూడా నివేదిక అంది.

అంకె సరైనదే అయినా కొలిచే చోటు మారితే చాలు, లెక్క తప్పుతుంది. 2003 సెప్టెంబర్ 14న అమెరికా వైమానిక దళపు థండర్‌బర్డ్స్ ఎఫ్-16 ఒకటి ఐడహోలోని మౌంటెన్ హోమ్‌లో కూలింది. ఆల్టీమీటర్ చూపేది సముద్రమట్టం నుంచి ఎత్తు. నేల ఎత్తును పైలట్ తీసివేసుకోవాలి. ఆ మైదానం వాళ్ల సొంత స్థావరం నెల్లిస్ కంటే వెయ్యి అడుగులకు పైగా ఎత్తులో ఉంది. తలకిందులై దిగడం మొదలుపెట్టేటప్పటికి నేల నుంచి 2,500 అడుగులు ఉండాలి, ఉన్నవి 1,670. నేలను తాకడానికి 0.8 సెకను ముందు పైలట్ బయటికి దూకి బతికాడు. బేగంపేటలో నేలమీద నిలబెట్టిన విమానం ఆల్టీమీటర్ కూడా 1,700 అడుగులకు పైనే చూపిస్తుంది. అక్కడే 2010 మార్చి 3న ఎయిర్ షోలో నౌకాదళ విన్యాస బృందం సాగర్ పవన్‌కు చెందిన కిరణ్ జెట్ బోయినపల్లి ఇళ్ల మధ్య కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. దాని కారణం ఆల్టీమీటర్ అని అనడం లేదు. కానీ దక్కన్ పీఠభూమి మీద విన్యాసాలు చేసేవాళ్లకు ఈ తీసివేత రోజూ ఉండేదే.

అమెరికాలో ప్రదర్శన పైలట్లకు అనుమతి మెట్లుమెట్లుగా ఇస్తారు. మొదట 800 అడుగుల కంటే కిందికి దిగకూడదు, తర్వాత 500, ఆ తర్వాత 250, చివరికి హద్దు లేని అనుమతి. షోరమ్ తర్వాత బ్రిటన్ మాత్రం పాత జెట్‌లు నేలమీదుగా లూప్‌లు కొట్టడాన్నే ఆపి, నేరుగా ఎగిరిపోయే ప్రదర్శనలకు పరిమితం చేసింది.