చీనా దేశపు నూతన సంవత్సరోత్సవము

చీనా దేశీయులకు సంవత్సరాది పండుగలన్నింటిలోను గొప్పది. దీనికి వారు ‘వసంతోత్సవ’మని పేరిడిరి. మన ఉగాదివలెనే ఈ పండుగయు చంద్రుని గమనము ననుసరించి వచ్చును. చాంద్రమానమునకు ఋతువులతో పొందిక తప్పకుండుటకై వారును మనవలెనే 19 ఏండ్లలో 7 అధికమాసములను చేర్చుదురు. అందుచే పండుగ జనవరి 21వ తేదీకిని, ఫిబ్రవరి 20వ తేదీకిని నడుమ వచ్చును. 1912లో అచట ఏర్పడిన రిపబ్లికు ప్రభుత్వము ఆంగ్లమానమును స్వీకరించెను. అయినను ప్రజలు తమ పాత పండుగను విడువలేదు.

పండుగకు వారము ముందే సన్నాహములు ప్రారంభమగును. ప్రతి గృహమందును పొయ్యికొక అధిదేవత కలడని పూర్వుల విశ్వాసము. ఆతడు సంవత్సరాంతమున స్వర్గమున కేగి, ఆ యింటివారి మంచిచెడ్డలను దేవరాజునకు విన్నవించునట! ఆతని నోట తీపిమాటలే వెలువడవలెనని జిగురైన మిఠాయిని నివేదింతురు. పిదప ఇల్లంతయు ఊడ్చి శుభ్రపరతురు. పండుగనాడు మాత్రము చీపురు ముట్టరు. ఆనాడు ఊడ్చినచో వచ్చిన భాగ్యము కూడ బయటికి పోవునని వారి తలంపు.

ద్వారములకు ఇరువైపుల శుభవాక్యములు వ్రాసిన ఎఱ్ఱకాగితములను అంటింతురు. పూర్వము ‘నియెన్’ అను భీకరమృగము సంవత్సరాంతమున గ్రామములపై బడెడిదనియు, అది ఎఱ్ఱని రంగునకును, మంటకును, చప్పుడునకును భయపడి పారిపోయెననియు ఒక కథ కలదు. తుపాకిమందు తెలియని కాలమున వెదురు కణుపులను నిప్పులో వేసెడివారు. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, కణుపు ఫెళ్లున పగిలెడిది. నేటికిని చీనా భాషలో టపాకాయకు ‘పేలెడు వెదురు’ అను అర్థము గల పేరు నిలిచియున్నది.

పండుగ ముందటి రాత్రి జరుగు కుటుంబ భోజనమే ఈ ఉత్సవమునకు ప్రాణము. ఉత్తరమున గోధుమపిండిలో కూరిన కజ్జికాయ ఆకృతి గల ఉడికించిన వంటకమును, దక్షిణమున జిగురుబియ్యపు పిండితో చేసిన అప్పమును తిందురు. చేపయు ఉండితీరవలెను. వారి భాషలో ‘చేప’ యనినను ‘మిగులు’ అనినను ఒకే ధ్వని. కావున చేపను కొంత మిగిల్చి, సమృద్ధిని కోరుదురు. కొన్ని ఇండ్లలో రాలేకపోయినవారి కొఱకు కూడ ఒక గిన్నెను బల్లపై నుంచుదురు.

ఆ గిన్నెకు నేడు ఎంతయో అర్థము కలదు. కోట్లకొలది గ్రామీణులు పనులకై దూరనగరములకు వలసపోయిరి. వారి బిడ్డలలో అనేకులు పల్లెలలో తాతల యొద్ద, అవ్వల యొద్ద పెరుగుచున్నారు. అట్టి పిల్లలలో పెక్కుమందికి తల్లిదండ్రుల మొగము కానవచ్చునది ఏటి కొకసారి, ఈ పండుగనాడే. అందుచేతనే పండుగకు ముందు వెనుకల సుమారు 40 దినములు రైళ్లును, బస్సులును క్రిక్కిరిసియుండును. టిక్కెట్టు దొరకనివాని యింట ఆ గిన్నె రిక్తముగనే మిగిలిపోవును.

మరునాటి ఉదయమున పిల్లలు పెద్దలకు నమస్కరించి, ఎఱ్ఱని కాగితపు సంచులలో కానుకగా ధనమును పొందుదురు. పదునైదవ నాటి పున్నమి రాత్రి రంగురంగుల కాగితపు దీపములు వెలిగించి, వానిపై వ్రాసిన పొడుపుకథలను విప్పుచు ఉత్సవమును ముగింతురు.

2024 డిసెంబరులో యునెస్కో సంస్థ ఈ వసంతోత్సవమును మానవజాతి సాంస్కృతిక వారసత్వ పట్టికలో చేర్చెను. మృగము కథను నేడు నమ్మువారు అరుదు. అయినను దూరమున నున్నవారు ఇల్లు చేరి, ఒకే బల్లచుట్టు కూర్చుండవలెనను కోరిక నేటికిని తరుగలేదు. ఇన్ని ఆచారములను నిలిపినది ఆ కోరికయే.