నర్సింగ్ చదివే మన పిల్లలకు

మన సంఘాల నుండి ఎందరో పిల్లలు నర్సింగ్ చదువుతున్నారు. అబిడ్స్, నాంపల్లి వార్డుల్లో వారికి డిమెన్షియా ఉన్న పెద్దలు ఎదురవుతారు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం, దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి 7 మందికి పైగా ఈ జబ్బుంది.

"నాంపల్లి స్టేషన్‌కు పోవాలి, రైలు టైమైంది" అని మంచం దిగే తాతగారితో "రైలూ లేదు, ఏమీ లేదు, పడుకోండి" అనవద్దని మేము కోరుతున్నాము. వాదిస్తే భయం పెరుగుతుంది. "ఏ ఊరికండీ? అక్కడ ఎవరున్నారు?" అని అడగండి. ఒక్కోసారి ఆయనకు కావలసింది రైలు కాదు, బాత్‌రూమ్. అది చెప్పలేకపోతున్నారు, అంతే.

నిన్నటిదాకా మామూలుగా ఉన్నవారు ఒక్కసారిగా తికమకపడితే మాత్రం జబ్బు ముదిరిందని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఇక్కడ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

భాష సంగతి ఒకటుంది. ఆఫీసులో ఇంగ్లీషు, బజారులో ఉర్దూ మాట్లాడుతూ బతికినవారు కూడా ఈ జబ్బులో తరచు అమ్మ నేర్పిన భాషకే తిరిగి వస్తారు. మనవల పేర్లు మరచినా కీర్తన పల్లవి అందుకునేవారున్నారు. ఏ భాష, ఏ పిలుపు, ఏ పాట అని ఇంటివారిని అడిగి రాసుకోండి (పరీక్షలో ఈ ప్రశ్న రాదనుకోండి). అడిగేదాకా ఆగకుండా ఇంటివారే ఆ కాగితం రాసి వార్డుకు తెస్తే ఇంకా మంచిది.