కొత్త పళ్లకు ముందు... చుట్ట, షుగరు
* ఇంప్లాంటు మంచిదే.. తొందరే పనికిరాదు
* నోరంతా అక్కర్లేదు.. కింది దవడకు రెండు చాలు

బరంపురం: అప్పడాలకు, పచ్చళ్లకు పేరుపడ్డ ఊరు బరంపురం. అదే ఊళ్లో పుట్టి పెరిగిన 68 ఏళ్ల ఓ తెలుగు అమ్మ నాలుగేళ్లపాటు అప్పడాన్ని పప్పులో నానబెట్టుకుని తింది. నోట్లో ఒక్క పన్నూ లేదు. కట్టుడు పళ్ల సెట్టు ఉంది. పైది పర్వాలేదు. కిందిదే మాట్లాడితే లేస్తుంది, నమిలితే జారుతుంది. ‘పెళ్లికెల్తే బంతిలో కూకోడానికి సిగ్గు బాబూ. ముందే ఇంటికాడ గంజి తాగేసి ఎల్లీదాన్ని’ అంటుందామె.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుక్కి ఈ సంగతి తెలిసి బాధపడ్డాడు. నోరంతా ఇంప్లాంట్లు పెట్టిద్దామన్నాడు. లక్షలతో పని. అప్పు చేయడానికీ సిద్ధపడ్డాడు. దంతవైద్యుడు మాత్రం నోట్లోకి లైటు వేసి చూసి, ముందు అడిగింది డబ్బు సంగతి కాదు. ‘అమ్మా, చుట్ట తాగుతావా?’ అని.

‘అడ్డచుట్టే బాబూ. పెళ్లి కాకముందు నుంచీ అలవాటు’ అందామె.

అడ్డపొగతో అసలు ముప్పు
నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పొగ తాగడం శ్రీకాకుళం నుంచి గంజాం దాకా పాత తరం ఆడవాళ్లలో ఉన్న అలవాటే. ఈ అలవాటుకు, అంగిలి కేన్సర్‌కు ఉన్న సంబంధాన్ని కోస్తాంధ్ర వైద్యులు 1957లోనే ఓ వైద్య పత్రికలో రాశారు. అందుకే ఆ వైద్యుడు పళ్ల మాట పక్కనపెట్టి ముందు అంగిలి పరీక్ష చేయించారు. కేన్సర్ లేదని తేలాకే మిగతా కబురు.

పొగాకు ఇంప్లాంటుకూ శత్రువే. చిగురుకు, ఎముకకు రక్తం సరిగా అందనివ్వదు. గాయం త్వరగా మానదు. పొగ తాగేవారిలో ఇంప్లాంటు విఫలమయ్యే ముప్పు తాగనివారి కంటే సుమారు రెట్టింపు. గుడాఖుతో పళ్లు తోముకునేవారు కూడా ఆ సంగతి వైద్యుడి దగ్గర దాచకూడదు. అదీ పొగాకే.

ఎముకలో పాతుకునే వేరు
ఇంప్లాంటు అంటే పన్ను కాదు, పంటి వేరు. టైటానియంతో చేసిన చిన్న మర. మత్తుసూది వేసి దాన్ని దవడ ఎముకలో బిగిస్తారు. ఎముక దాని చుట్టూ పెరిగి పట్టేసుకుంటుంది. ఆ తర్వాతే పైన పన్ను. స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1950ల్లో కుందేలు ఎముకలో టైటానియం పరికరం అమర్చి పరిశోధన చేశారు. పని అయ్యాక తీయబోతే అది రాలేదు, ఎముక పట్టేసింది. ఆ కిటుకుతోనే 1965లో తొలిసారి ఓ మనిషికి ఇంప్లాంట్లు అమర్చారు. ఆ వ్యక్తి 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్లు, అవి పనిచేశాయి.

ఎముక పట్టుకోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. కొందరికి ఎముక గట్టిగా ఉంటే త్వరగానూ పళ్లు పెడతారు. అది అందరికీ కుదరదు. పన్ను పీకించుకుని ఏళ్ల తరబడి వదిలేస్తే అక్కడి ఎముక అరిగిపోతుంది. అప్పుడు ముందు ఎముక పెంచాల్సి వస్తుంది. ఖర్చూ పెరుగుతుంది.

రెండుతో సరిపెట్టొచ్చు
పై సెట్టు అంగిలికి అతుక్కుని నిలుస్తుంది. కింద అంగిలి లేదు, పైగా నాలుక కదుపుతూ ఉంటుంది. అందుకే కిందిది జారుతుంది. అలాగని నోరంతా ఇంప్లాంట్లు అక్కర్లేదు. కింది దవడ ముందు భాగంలో రెండు పెట్టి, వాటి మీద సెట్టును జాకెట్టు టిచ్ బటన్‌లా నొక్కితే చాలు. పళ్లన్నీ పోయినవారికి కింది దవడకు మొదట సూచించాల్సింది ఇదేనని 2002లో కెనడాలో సమావేశమైన నిపుణులు తేల్చారు. ఖర్చులో ఎంతో తేడా.

ఒక్క పన్నే పోయినవారికి బ్రిడ్జి కూడా దారే. కాకపోతే అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీయాలి. ఆ పళ్లు బాగున్నప్పుడు ఇంప్లాంటే నయం.

సంతకానికి ముందు...
* షుగరు ఉంటే మూడు నెలల సగటు పరీక్ష చేయించుకుని, అదుపులోకి వచ్చాకే వెళ్లాలి.
* ఎముకలు గుల్లబారకుండా ఇంజక్షన్లు, మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పాలి. దవడ ఎముక దెబ్బతినే ముప్పుంది. రక్తం పలచబడే మందులు సొంతంగా ఆపకూడదు.
* ఎముక కొలతకు స్కాన్ తీస్తారా, ఏ కంపెనీ ఇంప్లాంటు, చెప్పిన ధరలో పైపన్ను ఖర్చు కలిసిందా అని అడగాలి. ఇంప్లాంటు వివరాల కార్డు తీసుకుని దాచుకోవాలి.
* కాగితాలు ఇంగ్లిషులో ఉంటే తెలుగులోనో, ఒడియాలోనో చెప్పించుకున్నాకే సంతకం పెట్టాలి.
* ఇంప్లాంటు పన్ను పుచ్చదు. కానీ పాచి పేరుకుంటే చుట్టూ ఎముక కరిగి ఊడిపోతుంది. రోజూ శుభ్రం చేసుకోవాలి, ఏటా చూపించుకోవాలి.

ఆ అమ్మ చుట్ట మానడానికి నాలుగు నెలలు పట్టింది. రెండుసార్లు మానేసి మళ్లీ మొదలెట్టింది. షుగరు దిగాక రెండు ఇంప్లాంట్లు పెట్టారు. మరో మూడు నెలలాగి సెట్టు బిగించారు. కొడుకు అప్పు చేయాల్సిన పని రాలేదు. మొన్న మనవరాలి ఓణీల ఫంక్షన్లో ఆమె అందరితోపాటు బంతిలో కూర్చుంది. ‘పళ్లు ఆడు పెట్టించాడు బాబూ. చుట్ట మాత్రం నానే మానుకున్నాను’ అంటూ ఆకులో అప్పడం విరుచుకుంది.