మంద్రస్వరము పలుకు రెండు గిటారులు



సంగీతము వినునప్పుడు మన చెవి పైస్వరముమీదనే నిలుచును. గాయకుని కంఠము విందుము, వేణువు విందుము, ఫిడేలు విందుము. వీని నన్నింటిని క్రిందినుండి మోయుచున్న మంద్రస్వరమును మాత్రము విన్నట్లే తోచదు. అది యున్నంతసేపు దాని ఉనికిని గమనింపము. అది ఆగిన మరుక్షణమే పాటలో ఏదియో కొరవడెనని తెలియును. ఇంటికి పునాది యెట్టిదో పాటకు మంద్ర మట్టిది. మన హరికథలో తంబురా శ్రుతియు, మృదంగమున ఎడమవైపు గంభీరనాదమును ఈ భారమును వహించుచుండును.

పాశ్చాత్యుల నేటి సంగీతమున ఈ భారమును వహించునది బేస్ గిటారు. ఈ విదేశవాద్యముతో మన గ్రామములకేమి పని యని పెద్దలు అడుగవచ్చును. పేరు క్రొత్త కావచ్చును గాని ధ్వని మీకు క్రొత్త కాదు. ఇళయరాజా కూర్చిన తెలుగు సినిమాపాటలలో పల్లవిక్రింద కదలాడు లావుపాటి తీగనాదము అదియే. పెండ్లిపందిళ్లలో మ్రోగు పాటలలో ఎదను తాకు నాదమును తరచుగా అదియే. మరియొక ప్రయోజనము కూడ కలదు. ఒకదానినొకటి పోలిన రెండు వస్తువులలో తారతమ్యము నిర్ణయించుట యెట్లో ఈ వాద్యములవలన చక్కగా తెలియును. ఎడ్లజతను కొనువారికిని, విత్తనము నెన్నుకొనువారికిని ఆ వివేకము అక్కరకు వచ్చును.

మొదట దీని పుట్టుక చెప్పెదను. పూర్వము పాశ్చాత్యులకు మంద్రస్వరమునకై మనిషిని మించిన యెత్తుగల పెద్ద ఫిడేలు ఉండెను. దానిని డబుల్ బేస్ అందురు. దానిని ఊరూర త్రిప్పుట కష్టము. డోళ్లును బాకాలును మ్రోగుచోట దాని ధ్వని వినబడుటయు కష్టమే. పైగా ఫిడేలునకు వలె దానికి మెట్లు లేవు. వేలు సరియైన చోట పడనిచో శ్రుతి తప్పును. 1930లలో సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అను నాతడు విద్యుత్తుతో పలుకు మెట్ల బేస్ నొకటి చేసెను గాని అది వ్యాప్తికి రాలేదు. తరువాత 1951లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి లియో ఫెండర్ దీనిని లోకమునకు అందించెను. ఈయన 1938లో ఫుల్లర్టన్ అను ఊర రేడియోలు బాగుచేయు అంగడి పెట్టుకొనిన మనిషి. గిటారు వాయించుట యెరుగడు. మన వీణదండిపై మైనములో 24 మెట్లు నిలిపినట్లే ఈయన తన వాద్యపు దండిపై 20 మెట్లు అమర్చెను. మెట్టుప్రక్కన వేలు ఆనించిన చాలును, స్వరము తూచినట్లు వచ్చును. అందుచేతనే దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టెను. ఆ పదమునకు ఖచ్చితత్వమని అర్థము. 1960లో ఆయన సంస్థయే జాజ్ బేస్ అను రెండవ వాద్యమును వెలువరించెను. నేను పోల్చి చెప్పబోవునవి ఈ రెండు జాతులే.

రెంటికిని తంత్రులు నాలుగు. పలుకు తంత్రి పొడవు 34 అంగుళములు. అన్నిటికంటె లావైన తంత్రి సెకనుకు సుమారు 41 సార్లు కంపించును. తక్కినవి వరుసగా 55, 73, 98 సార్లు కంపించును. మన వీణకు పనసకుండ నాదమును పెంచును. ఈ వాద్యమునకు కుండ లేదు, లోపల బోలు లేదు, గట్టిచెక్క మాత్రమే. మరి ధ్వని యెట్లు పుట్టును? తంత్రులక్రింద సూదంటురాళ్లు ఉండును. వానిచుట్టు వెండ్రుకవంటి రాగితీగ వేలకొలది చుట్లు చుట్టబడి యుండును. ఈ యమరికను పికప్ అందురు. ఉక్కుతంత్రి ఊగినప్పుడు అయస్కాంతక్షేత్రము చలించి ఆ తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొనిన సూత్రమే యిది. ఆ స్వల్పవిద్యుత్తును యంత్రముతో పెంచి లౌడ్‌స్పీకరునకు పంపుదురు. నరపుతంత్రి బిగించినచో ఈ పికప్‌నుండి ఏ ధ్వనియు రాదు; సూదంటురాయికి ఇనుముతోనే గాని నరముతో చుట్టరికము లేదు.

ఇప్పుడొక సూక్ష్మము గ్రహింపవలెను. నూతిత్రాడు ఒకకొనను చెట్టునకు కట్టి రెండవకొనను ఊపి చూడుడు. మెల్లగా ఊపిన త్రాడంతయు ఒకే వంపుగా ఆడును. వడిగా ఊపిన రెండు వంపులై, నడుమ ఒకచోట నిశ్చలముగా నిలుచును. వాద్యతంత్రి ఈ రెండు పనులను, ఇట్టివి మరికొన్నింటిని, ఏకకాలమున చేయును. మొత్తముగా ఊగుటవలన మూలస్వరము పుట్టును. రెండు, మూడు, నాలుగు భాగములుగా ఊగుటవలన దానికి రెట్టింపు, మూడురెట్లు, నాలుగురెట్లు కంపనములుగల అతిస్వరములు పుట్టును. వీని పాళ్లే నాదమునకు రంగు, రుచి. పికప్ ఏచోట నున్నదో ఆచోటి కదలికనే పట్టుకొనును. గుర్రముదగ్గర తంత్రియొక్క మొత్తపు ఊపు స్వల్పము. కావున అచ్చటి నాదమున మూలస్వరము తగ్గి అతిస్వరములు ముందునకు వచ్చును. గుర్రముదగ్గర మీటిన వీణ పదునుగా పలుకుట మీరెరుగుదురు గదా. ఆ న్యాయమే యిచ్చటను.

ప్రెసిషన్ బేస్‌నకు ఒకటే పికప్, దండికొనకును గుర్రమునకును నడుమ నుండును. జాజ్ బేస్‌నకు రెండు: ఒకటి ఇంచుమించు అదే ప్రాంతమున, రెండవది గుర్రమునకు చేరువగా. రెండు పికప్పులకు వేరువేరు మరలు గలవు. వాయించువాడు పాళ్లు కలుపుకొనవచ్చును. రెంటిని సమముగా తెరచినప్పుడు, ఒకే తంత్రిని రెండుచోట్ల విన్నట్లగును. కొన్ని అతిస్వరము లొకచోట పైకి లేచునప్పుడు రెండవచోట క్రిందికి దిగును. అట్టివి యొండొంటిని చెరుపుకొనును. కావున జాజ్ బేస్ నాదము నడుమ కొంత పలుచనై, పైన స్పష్టముగా నుండును. ప్రెసిషన్ నాదము నడుమ బలిసి, ముద్దగా, నిండుగా నుండును. 1950లనాటి ప్రెసిషన్ దండి మొదట 1¾ అంగుళముల వెడల్పు; జాజ్ దండి 1½ అంగుళములు. సన్ననిదండిపై వేళ్లు వడిగా పరుగెత్తును.

రొద విషయమొకటి కలదు. మన యిండ్ల విద్యుత్తు సెకనుకు 50 మారులు తిరుగాడును. రాగిచుట్ట ఆ తిరుగుడును గూడ పట్టుకొని గుయ్యిమను రొద చేయును. 1957లో ప్రెసిషన్ పికప్‌ను రెండు తునకలు చేసిరి. రెండు తంత్రులకొక తునక, తక్కిన రెంటికి మరియొక తునక. ఒకదాని చుట్లు మరియొకదానికి ఎదురుదిశలో నుండును. అయస్కాంతములను గూడ తలక్రిందులుగా నుంచిరి. బయటినుండి వచ్చు రొదకు చుట్టల దిశ మాత్రమే లెక్క. కావున అది ఒకదానినుండి మరియొకటి తీసివేసినట్లు సున్న యగును. తంత్రినాదమునకు చుట్టయు అయస్కాంతమును రెండును మారినవి. రెండుమారులు త్రిప్పిన నాణెము వలె అది మొదటి దిశకే వచ్చును, చెడదు. జాజ్ బేస్‌న రెండు పికప్పులును సమముగా తెరచిననే ఈ లాభము. ఒక్కదానినే వాడిన రొద మిగులును.

1965లో ఫెండర్ తన సంస్థను అమెరికాలోని కొలంబియా బ్రాడ్‌కాస్టింగ్ సంస్థకు విక్రయించెను. అంతకు ముందరి వాద్యములకు నేడు మిక్కిలి గిరాకి. అందుచే ఆనాటి కొలతలతో, ఆనాటి తీరు పికప్పులతో క్రొత్తవానిని చేసి అమ్ముచున్నారు. కొందరు రంగు రాలినట్లు గీతలు పెట్టి మరీ అమ్ముదురు. గీతలవలన చూపునకు పాతదనము వచ్చునే గాని నాదమునకు కాదు. నాదమున ప్రధానములు తంత్రి, పికప్, చేయి. డెట్రాయిట్ నగరమున మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962నాటి ప్రెసిషన్‌పై, నున్నని చుట్టుగల తంత్రులతో, కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కటే వాడి మీటెడివాడు. జాకో పాస్టోరియస్ అను నాతడు మెట్లు తీసివేసిన 1962నాటి జాజ్ బేస్‌పై ఫిడేలువలె జారుస్వరములు పలికించెను. శ్రుతి తప్పకుండ ఫెండర్ పెట్టిన మెట్లు లేకయే, శ్రుతి యెరిగినవాడు వాయించెను! వాద్యము గొప్పదా, చేయి గొప్పదా యను వాదమునకు దీనికి మించిన సమాధానము నేను చూడలేదు.

ఇక పోల్చు పద్ధతి. హైదరాబాదున సినిమాపాటలకు వాద్యము వాయించు మేనల్లుడొకడు నాకు కలడు. అతనియొద్ద ఈ రెండు జాతులకు చెందిన, పాతతీరున క్రొత్తగా చేసిన వాద్యములు రెండును ఉండెను. కుమార్తె కళాశాలలో చేరవలసియుండుటచే ఒకదానిని అమ్మక తప్పలేదు. “మామయ్యగారూ, నాకు రెండును ముద్దే. మీరు పక్షపాతము లేని చెవి. విని చెప్పండి” యని కోరెను.

నేను నాలుగు నియమములు పెట్టితిని. రెంటికిని ఒకేనాడు ఒకేరకపు క్రొత్తతంత్రులు బిగింపవలెను. లేనిచో తంత్రుల వయస్సును వాద్యపు గుణమని భ్రమింతుము. వాయించు చేయియు, వాయించు వరుసయు ఒకటే కావలెను. ధ్వని పరిమాణము కొలిచి సమము చేయవలెను. ఏలయన రవంత బిగ్గరగా నున్నదియే మంచిదని చెవి మోసపోవును. అందును మంద్రము మరింత మాయ చేయును. ధ్వని తగ్గినకొలది చెవికి క్రిందిస్వరములు ఎక్కువగా తగ్గినట్లు తోచునని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో కొలిచి చూపిరి. నాలుగవది, ఏది వాయించుచున్నాడో నాకు కనబడరాదు. నేను గోడవైపు తిరిగి కూర్చుంటిని.

రికార్డు చేయుటయందు రెండు దారులు గలవు. వాద్యపు విద్యుత్తును తీగద్వారా నేరుగా యంత్రమునకు పంపుట ఒకటి. లౌడ్‌స్పీకరుముందు మైకు ఉంచి గాలిలోని ధ్వనిని పట్టుట రెండవది. మొదటిది శుభ్రము, రెండవది సజీవము. రెంటిని కలుపుదురు గాని అందొక చిక్కు గలదు. ధ్వని గాలిలో అడుగుదూరము పోవుటకు సెకనులో సుమారు వెయ్యవవంతు పట్టును. తీగదారి నాదము ముందుగను, మైకుదారి నాదము వెనుకగను చేరి యొండొంటిని కొంత చెరుపుకొనును. మేనల్లుడు వెనుకబడినదానిని ముందునకు జరిపి రెంటిని ఒకే అడుగున నడిపించెను. అప్పుడే మంద్రము నిండెను.

మొదట ఒంటరిగా వింటిని. జాజ్ జాతిదే నాకు నచ్చెను. ప్రతిస్వరము విడివిడిగా, అక్షరమువలె వినబడెను. తరువాత డోలు, తీగవాద్యములు, గాయని కంఠము కలిసిన పాటలో వింటిని. ఈమారు ప్రెసిషన్ జాతియే నిలిచెను. ఇంతమంది నడుమ మొదటిదాని సూక్ష్మములు కంఠముక్రింద మరుగుపడెను. రెండవదాని నడిమి బలము పాటను మోసెను. పిమ్మట ఆ పాటనే జేబురేడియోవంటి చిన్న స్పీకరులో వినిపింపుమంటిని. పల్లెలలో పలువురు వినునది అట్టివానిలోనే గదా. అంత చిన్నదానిలో 41 కంపనముల స్వరము పలుకనే పలుకదు. అయినను 82, 123, 164 కంపనముల అతిస్వరములలో చేరినన్ని చెవిని చేరినచో, వాని నడిమి యెడము 41 అని మెదడే లెక్కగట్టి, లేని మూలస్వరమును విన్నట్లు భావించును. అచ్చటను నడుమ నిండుగా నున్న ప్రెసిషన్ నాదమే నాకు తెలిసెను.

ఈ తీర్పులలో పరస్పరవిరోధము లేదు. ప్రశ్న వేరైనప్పుడు సమాధానము వేరగును. “ఏది మేలైనది?” అనుట అసంపూర్ణమైన ప్రశ్న, “ఏ పనికి మేలైనది?” అనుట పూర్ణమైనది. మేనల్లుని జీవనము పరుల పాటలను మోయుట. అందుచే ప్రెసిషన్ జాతిని ఉంచుకొని రెండవదానిని అమ్మెను. ఒంటరిగా స్వరవిన్యాసము చూపు విద్వాంసుడైనచో దీనికి విపరీతముగా చేయుట యుక్తము.

పెద్దలకు నా మనవి యింతే. ఒంటరిగా నిలిపి చూచిన ఎద్దు గొప్పగా కనబడవచ్చును. కాడికి కట్టి దున్నించిన పిమ్మటనే దాని విలువ తెలియును. పాతదన్న పేరును, మెరుగును, వెలను ప్రక్కకు పెట్టి, పని జరుగుచోట, సమమైన కొలతతో, కన్ను మూసి చెవి తెరచి నిర్ణయింపవలెను. మరియు మీ మనుమలు ఈసారి పాట పెట్టినప్పుడు కంఠమును విడిచి, దాని క్రింద మెల్లగా నడచుచున్న ఆ లావుతీగను ఒక్క చరణముసేపు వినుడు. పునాదిని చూచిన కన్నునకు ఇల్లు వేరుగా కనబడును.

సెలవు.