పాత కారు, దాచిన లోపం, చెరిగిపోయే బర్కత్

స్తోత్రమంతా అల్లాహ్‌కే. మన బాహ్యాన్నీ, మనం దాచుకున్న దాన్నీ సమానంగా ఎరిగినవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక.

ధార్మిక సోదరులారా! మద్యన్ జాతి వద్దకు అల్లాహ్ పంపిన ప్రవక్త షుఐబ్ (అలైహిస్సలాం) తన జాతికి రెండు మాటలు చెప్పారు. ఒకటి, ఏకైక ప్రభువునే ఆరాధించండి. రెండవది, కొలతలో, తూకంలో మోసం చేయకండి. ఆ జాతివారు మొదటి మాటకు ఎంత మండిపడ్డారో రెండవ మాటకూ అంతే మండిపడ్డారు. మా సొమ్ముతో మేము కోరినట్టు వ్యవహరించకుండా నీ నమాజు అడ్డుపడుతున్నదా అని వారు ఆయనను ఎగతాళి చేసినట్టు హూద్ సూరా తెలుపుతున్నది. నమాజుకూ బజారుకూ సంబంధం లేదన్నది వారి వాదం. ఈనాడు మనలో ఎవరూ ఆ మాట నోటితో అనరు. కాని జుమా ముగించి దుకాణానికి వెళ్ళిన తరువాత మన చేతలు అదే మాట చెబుతున్నాయేమో పరీక్షించుకోవలసి ఉన్నది.

ఈ వారం పాత వాహనాల క్రయవిక్రయాల గురించి చెప్పటానికి కారణం ఉన్నది. మన జమాఅత్‌లో మెకానిక్కులు ఉన్నారు, డెంటింగ్, పెయింటింగ్ చేసేవారు ఉన్నారు, బ్రోకర్లు ఉన్నారు, సెకండ్‌హ్యాండ్ కార్ల షోరూములు నడిపేవారు ఉన్నారు. ఇది కష్టపడి చేసే హలాల్ వృత్తి. దీనిలోకి హరామ్ ఎక్కడ నుండి చొరబడుతుందో తెలుసుకోవటమే మన ఉద్దేశం.

కొంతకాలం క్రితం ఒక సోదరుడు ఇషా నమాజు తరువాత అందరూ వెళ్ళిపోయేవరకు కూర్చుని నా దగ్గరకు వచ్చారు. తాను అమ్మిన ఒక కారు 1,38,000 కిలోమీటర్లు తిరిగినదనీ, మీటరును 61,000కు తగ్గించి అమ్మాననీ చెప్పారు. కొన్నవారు దర్జీ పని చేసుకునే వ్యక్తి. ఆ లాభంతో ఉమ్రాకు డబ్బు కట్టాననీ, అక్కడ తౌబా చేసుకుంటే ఇది క్షమించబడుతుందా అనీ అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చివర చెబుతాను. ముందు ఈ వ్యాపారంలో జరిగే మోసాలను షరీఅత్ తరాజులో ఉంచి చూద్దాం.

మొదటిది మీటరు తిప్పటం. ఇప్పటి డిజిటల్ మీటరును ఒక చిన్న పరికరం తగిలించి కొద్ది నిమిషాలలో మార్చివేయవచ్చు. తిరిగిన దూరాన్ని బట్టే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలి, ఇంజన్ ఇంకా ఎంతకాలం నడుస్తుంది అనేవి అంచనా వేస్తారు. కనుక మీటరు మార్చటమంటే ధర పెంచుకోవటం మాత్రమే కాదు, కొన్నవాని కుటుంబాన్ని ప్రమాదంలోకి నెట్టటం కూడా. దీనికి సాటి వచ్చే మోసం దైవప్రవక్త (స) కాలంలోనూ ఉండేది. ఒంటెనో, మేకనో అమ్మదలచినవారు కొన్ని పూటలు పాలు పితకకుండా పొదుగు నిండుగా కనిపించేటట్టు చేసేవారు. కొనేవాడు ఎంత పాడి గల పశువో అని మోసపోయేవాడు. ఆయన (స) దీనిని నిషేధించారు. మోసపోయినవాడు పశువును అట్టిపెట్టుకోవచ్చనీ, కాదనుకుంటే తిరిగి ఇచ్చివేయవచ్చనీ చెప్పారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలో ఈ విషయం ఉన్నది. దీని నుండి తీర్పు ఎలా తీయాలన్న దానిపై ఫుఖహాల మధ్య చర్చ ఉన్నది గాని, ఆ పని మోసమన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. నిండిన పొదుగు అయినా, తగ్గిన మీటరు అయినా వస్తువు చేతనే అబద్ధం చెప్పించటమే.

రెండవది ప్రమాదాన్ని, వరదను దాచటం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా సంస్థలు దానిని పూర్తి నష్టంగా లెక్కించి, ఆ వాహనాన్ని ఉన్నచోటనే వేలానికి పెడతాయి. అటువంటి వాహనాన్ని తక్కువకు కొని, బాగుచేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి తగిన ధరకు అమ్మితే తప్పు లేదు. కాని బురద కడిగి, సీట్లు మార్చి, సువాసన చల్లి, ఒక్కరే వాడిన కారు అని అమ్మితే అది వేరే విషయం. తడిసిన వైరింగు కొన్ని నెలల తరువాత, నడిరోడ్డు మీద మొరాయించవచ్చు.

మదీనా బజారులో జరిగిన సంఘటనను హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చారు, వ్రేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడుగగా వాన పడి తడిసిందని యజమాని చెప్పాడు. అయితే అందరికీ కనబడేటట్టు ఆ తడి భాగాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసం చేసేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. సోదరులారా, గమనించండి. ఆ వ్యాపారి నోటితో అబద్ధమేమీ చెప్పలేదు. వాన కూడా అతను కురిపించింది కాదు. తడిని అడుగున ఉంచి మౌనంగా ఉండటమే అతని తప్పు. అడగలేదు కనుక చెప్పలేదు అనే మన సాకుకు ఈ హదీసులో చోటు లేదు.

మూడవది కొనేవానిని తొందరపెట్టే నాటకం. వచ్చినవాడు తటపటాయిస్తుండగా యజమాని ఫోను మోగుతుంది. మరో పార్టీ పది వేలు ఎక్కువ ఇస్తానంటున్నదనీ, సాయంత్రానికి కారు ఉండదనీ చెప్పి టోకెన్ అడ్వాన్సు తీసుకుంటారు. ఫోను చేసినవాడు మాత్రం పక్క దుకాణంలోని మనిషే. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచటానికి బేరమాడటాన్ని నజష్ అంటారు. దానిని ఆయన (స) నిషేధించారు. ఆ పైన, అల్లాహ్ సాక్షిగా నాకే ఇంత పడింది అనే ప్రమాణాలు. ఒట్టు సరుకును అమ్ముడుపోయేటట్టు చేస్తుందిగాని దానిలోని బర్కత్‌ను తుడిచివేస్తుందని ఆయన హెచ్చరించారు.

నాలుగవది కాగితాల మోసం. అప్పు పూర్తిగా తీరని వాహనాన్ని, బ్యాంకు ఎన్‌ఓసీ లేకుండానే అమ్మటం. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ కార్లపై ఆంక్షలు వచ్చిన తరువాత, అక్కడ నుండి చవకగా తెచ్చినవాటిని ఇక్కడ అమ్ముతూ, మన రాష్ట్రంలో తిరిగి రిజిస్ట్రేషను చేయించాలనీ, లైఫ్ టాక్సు కట్టాలనీ చెప్పకపోవటం. మరొకటి, కారు కొని తమ పేరు మీదకు మార్చకుండా నెలల తరబడి షోరూములో పెట్టటం. ఈ లోపల ప్రమాదం జరిగితే ఎవరు బాధ్యులు? ఆర్‌సీలో ఎవరి పేరున్నదో వారే యజమానిగా పరిహార బాధ్యత వహించాలని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే కారు అమ్ముకుని డబ్బు తీసుకున్న పాత యజమాని, తాను చేయని తప్పుకు లక్షలు కట్టవలసి రావచ్చు. ఇక్కడ మోసపోతున్నది కొన్నవాడు కాదు, అమ్మినవాడు. పల్లె నుండి సరుకుతో వచ్చే బిడారులను ఊరి బయటే ఆపి, బజారు ధర తెలియనివ్వకుండా కొనటాన్ని కూడా ఆయన (స) నిషేధించారని గుర్తుంచుకోవాలి. భర్త పోయిన స్త్రీ ఇంటి ముందు నిలిచిపోయిన కారును, ఆమెకు ధర తెలియదు కదా అని సగానికి తీసుకోవటం ఆ కోవలోనిదే.

ఇక ఐదవది, అన్నిటికీ కవచంగా వాడుకునే మాట: చూసుకుని కొన్నారు, ఉన్నది ఉన్నట్టుగా అమ్మాము, మాకు సంబంధం లేదు అని కాగితం మీద సంతకం చేయించుకోవటం. లోపాలకు బాధ్యత లేదనే షరతుకు మన హనఫీ ధర్మశాస్త్రంలో చోటున్న మాట నిజమే. అయితే అది వివాదం తలెత్తినప్పుడు ఖాజీ ముందు పనికివచ్చే షరతు. తెలిసిన లోపాన్ని దాచిన పాపాన్ని అది కడిగివేయదు. ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) ముఅత్తాలో ఒక సంఘటన నమోదు చేశారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆ కాలపు ఆచారం ప్రకారం ఒక బానిసను, లోపాలకు బాధ్యత లేదనే షరతుతో 800 దిర్హములకు అమ్మారు. తరువాత బానిసకు జబ్బు ఉన్నదని కొన్నవాడు ఫిర్యాదు చేశాడు. ఈ జబ్బు తెలియకుండానే అమ్మానని ప్రమాణం చేయండని ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) కోరారు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణం చేయటానికి ఇష్టపడక, అమ్మినదానిని వెనక్కు తీసుకున్నారు. ఖలీఫా షరతు ఉన్నదా లేదా అన్న దగ్గర ఆగలేదు, నీకు తెలుసా తెలియదా అని అడిగారు. రేపు ప్రళయదినాన మనలను అడగబోయేదీ ఆ ప్రశ్నే.

షోరూము యజమాని మాత్రమే ఈ ప్రశ్నకు జవాబుదారీ కాడు. మీటరు తిప్పిన ఎలక్ట్రీషియను, విరిగిన ఛాసిస్‌ను వెల్డింగు చేసి పైన రంగు వేసిన పనివాడు, బండి బాగున్నదని కమీషను కోసం సాక్ష్యమిచ్చిన మెకానిక్కు కూడా ఈ పాపంలో భాగస్వాములే. మంచిలో ఒకరికొకరు తోడ్పడాలనీ, పాపంలో తోడ్పడరాదనీ అల్లాహ్ మనలను ఆదేశించాడు. నేను కూలి మాత్రమే తీసుకున్నాను అనటం సమాధానం కాదు.

కొనేవారు కూడా కళ్ళు తెరచి ఉండాలి. అల్లాహ్‌పై భరోసా ఉంచటమంటే ఒంటెను కట్టకుండా వదలివేయటం కాదు. అధీకృత సర్వీసు కేంద్రంలో ఆ కారు ప్రతిసారీ వచ్చినప్పుడు నమోదైన కిలోమీటర్లను అడిగి తెలుసుకోండి. సీటు బెల్టును చివరి వరకు లాగి బురద చారలు ఉన్నవేమో చూడండి. కార్పెట్టు ఎత్తి సీటు కింది బోల్టుల తుప్పును గమనించండి. టైరు మీద నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. పరివాహన్ పోర్టల్‌లో ఆర్‌సీ వివరాలు, అప్పు ఉన్నదీ లేనిదీ చూడండి. ఛాసిస్ నంబరు కాగితంతో సరిపోలాలి. అమ్మేవానికి సంబంధం లేని మెకానిక్కుకు రుసుము చెల్లించి చూపించండి. 2023 ఏప్రిల్ 1 నుండి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుండి అధికారపత్రం పొందాలనే నిబంధన ఉన్నది. అటువంటి డీలరుకు కారు అప్పగించేవారు ఫారం 29సీ ద్వారా ఆ విషయం తెలియజేస్తే బాధ్యత డీలరుకు మారుతుంది. మోసపోయినవారు జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు తెలుపవచ్చు. హక్కు కోసం అడగటం సహనానికి విరుద్ధం కాదు.

అట్లాగే కొనేవాని నిజాయితీ కూడా పరీక్షకు నిలుస్తుంది. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) కోసం ఆయన మనిషి ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరమాడాడు. గుర్రాన్ని చూసిన జరీర్ (రజి) దాని యజమానితో, ఇది అంతకంటే విలువైనదని చెబుతూ తానే ధరను పెంచుతూ పోయి చివరకు 800 ఇచ్చారు. ప్రతి ముస్లిం మేలు కోరుతానని తాను దైవప్రవక్త (స)కు మాట ఇచ్చానని కారణం చెప్పారు. ఆ కాలపు వాహనం గుర్రమే కదా!

ఇప్పుడు ఆ సోదరుని ప్రశ్నకు వద్దాం. నేను ఆయనతో ఇట్లా చెప్పాను: అల్లాహ్ హక్కు విషయంలో చేసిన తప్పుకు పశ్చాత్తాపం, కన్నీరు, ఇక చేయననే సంకల్పం చాలు. కాని దాసుని హక్కు కాజేస్తే అది దాసునికి తిరిగి చేరాలి. నమాజులు, రోజాలు మోసుకుని వచ్చి, ఇతరుల సొమ్ము తిన్న కారణంగా వాటన్నిటినీ వారికి పంచి ఇచ్చి ఖాళీ చేతులతో మిగిలేవాడే అసలైన దివాలాకోరు అని దైవప్రవక్త (స) తెలిపారు. మీ తౌబా దారి ముందు ఆ దర్జీ ఇంటికి వెళుతుంది, ఆ తరువాతనే మక్కాకు. లోపం బయటపడినప్పుడు వస్తువు తిరిగి ఇచ్చి తన సొమ్ము తీసుకునే హక్కు కొన్నవానికి ఉన్నది. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే కొంత సొమ్ముతో రాజీ పడవచ్చు. కొన్నవాని ఆచూకీ ఎంత వెదికినా దొరకనప్పుడు మాత్రమే, పుణ్యం తనకు ఆశించకుండా ఆ సొమ్మును ఆయన తరఫున పేదలకు ఇవ్వాలి.

ఆయన తల వంచుకుని వెళ్ళారు. రెండు వారాల తరువాత వచ్చి, దర్జీ ఇంటికి వెళ్ళి నిజం చెప్పాననీ, మొదట ఆయన కోపంతో చాలాసేపు మాట్లాడలేదనీ, చివరకు 70,000 రూపాయలు వెనక్కు తీసుకుని కారు ఉంచుకున్నారనీ చెప్పారు. ఆ సంవత్సరం ఆ సోదరుడు ఉమ్రాకు వెళ్ళలేకపోయారు. అయితే ఇప్పుడు ఆ వీధి గుండా నడవటానికి దారి మార్చుకోవలసిన అవసరం లేదని ఆయన అన్న మాట నేను మరువలేదు.

సోదరులారా! అమ్మేవాడు, కొనేవాడు నిజం పలికి, లోపాన్ని విడమరచి చెప్పుకుంటే వారి వ్యాపారంలో శుభం ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం చెరిగిపోతుందనీ దైవప్రవక్త (స) తెలిపినట్టు హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించారు. ఈ రోజు నమాజు ముగించి దుకాణం తెరవగానే, అమ్మకానికి నిలిపిన ప్రతి వాహనం లోపాలను ఒక కాగితం మీద వ్రాసి దాని అద్దానికి అంటించండి. ధర కొంత తగ్గవచ్చు. ఆ ధాన్యపు రాశిలో అడుగున ఉన్న తడిని పైకి తెచ్చినవారు మాత్రం అవుతారు.

ఓ అల్లాహ్! మాకు హలాల్‌ను చాలినంతగా ప్రసాదించు, హరామ్ నుండి మమ్మల్ని దూరంగా ఉంచు. మేము మోసగించినవారికి వారి హక్కు తిరిగి ఇచ్చే ధైర్యాన్ని, మమ్మల్ని మోసగించినవారిని మన్నించే విశాలతను మాకు అనుగ్రహించు. ఆమీన్.