పని దినాల్లో ఉపాధ్యాయుల సెలవులు: నియమం, అవసరం, తరగతి గది

వార్షిక ప్రణాళిక, కాలనిర్ణయ పట్టిక ఎలా తయారు చేసుకోవాలో ఇంతకు ముందు తెలుసుకున్నారు. ఆ రెండింటికీ ఆధారం ఒకే అంచనా: ఉపాధ్యాయుడు ప్రతి పని దినమూ తరగతిలో ఉంటాడని. ఈ అంచనా ఏ బడిలోనూ పూర్తిగా నిజం కాదు. జ్వరం వస్తుంది, ఇంట్లో పెళ్ళి వస్తుంది, మండల కార్యాలయం నుంచి కబురు వస్తుంది. బడి నడుస్తున్న రోజుల్లో ఉపాధ్యాయుడు సెలవు పెట్టడం సబబేనా, పెడితే పిల్లల చదువుకు ఏమవుతుంది, ప్రధానోపాధ్యాయుడు ఏం చేయాలి అన్నవి ఈ భాగంలో పరిశీలిద్దాం. మీలో చాలామంది ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారు. ఈ కోర్సు పరీక్షలు రాయడానికి కూడా కొందరు సెలవు చీటీ రాయవలసిందే.

నియమాలు ఏమంటున్నాయి?

ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలల్లో ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం ఉపాధ్యాయునికి క్యాలెండరు సంవత్సరానికి 15 సాధారణ సెలవులు, 7 ప్రత్యేక సాధారణ సెలవులు, మొత్తం 22 ఉంటాయి. మహిళా ఉపాధ్యాయులకు మరో 5 అదనం. ఇవి కాక అర్ధవేతన సెలవు ఏడాదికి 20 రోజులు జమ అవుతుంది. అనారోగ్యంలో వైద్య ధ్రువపత్రం పెట్టి దీన్ని పూర్తి వేతనంతో మార్చుకోవచ్చు, అప్పుడు ఖాతాలో రెట్టింపు రోజులు తగ్గుతాయి. ప్రసూతి సెలవు 180 రోజులు.

సంపాదిత సెలవు విషయంలో ఉపాధ్యాయుల లెక్క వేరు. ఇతర ప్రభుత్వోద్యోగులకు ఏడాదికి 30 రోజులు జమ అవుతుంటే, ఉపాధ్యాయులకు 6 రోజులే. కారణం తెలిసిందే: వేసవి, దసరా, సంక్రాంతి సెలవులు వారికి ముందే ఉన్నాయి. అంటే దీర్ఘ విరామం బడి మూసి ఉన్నప్పుడు తీసుకుని, బడి తెరిచి ఉన్నప్పుడు అందుబాటులో ఉండాలన్న ఒప్పందం నియమాల్లోనే ఇమిడి ఉంది. వేసవిలో ఎన్నికల పనికో జనగణనకో పిలిస్తే ఆ మేరకు సంపాదిత సెలవు జమ చేయడం కూడా ఈ ఒప్పందంలో భాగమే.

సెలవు హక్కా అన్న ప్రశ్న సిబ్బంది గదిలో తరచుగా వస్తుంది. సెలవును హక్కుగా కోరరాదని ఫండమెంటల్ రూల్స్‌లోని 67వ నియమం చెబుతుంది. ప్రజా ప్రయోజనం కోసం మంజూరు అధికారి దాన్ని నిరాకరించవచ్చు, వాయిదా వేయవచ్చు. ఆచరణలో మాత్రం సాధారణ సెలవును నిరాకరించే ప్రధానోపాధ్యాయులు అరుదు. చాలా బడుల్లో మంజూరు అనేది సంతకం వరకే మిగిలింది.

మరోవైపు విద్యాహక్కు చట్టం 2009 ఉంది. 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, 6 నుంచి 8 తరగతులకు 220 పని దినాలు ఉండాలని దాని అనుబంధం నిర్దేశిస్తుంది. క్రమం తప్పకుండా, సమయానికి హాజరు కావడం ఉపాధ్యాయుని విధి అని 24వ సెక్షన్ చెబుతుంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇతర విద్యేతర పనులకు ఉపాధ్యాయులను పంపకూడదని 27వ సెక్షన్ అంటుంది. మొదటిది ఉపాధ్యాయునిపై ఉన్న కట్టుబాటు, రెండోది ప్రభుత్వంపై ఉన్నది. మనం మొదటిదాన్ని ఎక్కువగా వింటాం.

ఒక సెలవు, ఎన్ని తరగతులు?

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఐదుగురు ఉపాధ్యాయులున్న ప్రాథమికోన్నత పాఠశాల. ఒక్కొక్కరూ తమ 22 సెలవులూ వాడుకున్నారనుకుందాం. మొత్తం 110 రోజులు. ఒకే రోజు ఇద్దరు సెలవు పెట్టకపోతే, 220 పని దినాల్లో సగం రోజులు ఎవరో ఒకరు లేకుండానే బడి నడుస్తుంది. ఇందులో నియమం తప్పినవారు ఒక్కరూ లేరు!

ఇద్దరే ఉన్న ప్రాథమిక పాఠశాలకు వద్దాం. అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలని చట్టమే చెబుతుంది కాబట్టి ఇలాంటి బడులు మన పల్లెల్లో కొల్లలు. ఇక్కడ 44 రోజులు, అంటే 200 పని దినాల్లో ఐదో వంతు కంటే ఎక్కువ, ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులనూ కూర్చోబెట్టుకోవాలి. ఆ రోజు జరిగేది బోధన కాదు, కాపలా. ఒకటో తరగతికి పలక ఇచ్చి రాసిందే మళ్ళీ రాయిస్తారు, ఐదో తరగతి పిల్లలు చిన్నవాళ్ళను చూస్తుంటారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో పరిస్థితి ఇంకా కష్టం. పక్క ఊరి బడి నుంచి ఒకరిని సర్దుబాటు చేస్తే తెరుచుకుంటుంది. ఆ పక్క ఊరి బడికి అప్పుడు లోటు పడుతుంది. ఎవరూ రాకపోతే పిల్లలు మధ్యాహ్న భోజనం దాకా ఆడుకుని ఇళ్ళకు పోతారు.

పోయేది ఒక రోజే కదా అనిపించవచ్చు. మూడో తరగతిలో అప్పు తెచ్చుకునే తీసివేత నేర్పుతున్నారనుకోండి. మంగళవారం పుల్లల కట్టలు విప్పి పదిని ఒకట్లుగా మార్చి చూపించారు. బుధ, గురువారాలు ఉపాధ్యాయిని రాలేదు. శుక్రవారం ఆమె నల్లబల్ల మీద 52 నుంచి 27 తీసివేయమంటే సగం మంది పిల్లలు 35 అని రాస్తారు. చిన్న అంకెను పెద్ద అంకెలోంచి తీసేసి ఊరుకుంటారన్నమాట. మంగళవారం పాఠం మళ్ళీ మొదలుపెట్టాలి. రెండు రోజుల సెలవు మూడు రోజుల పాఠాన్ని తీసుకుంది. భాష, పరిసరాల విజ్ఞానం పాఠాల్లో ఈ నష్టం కొంత తక్కువ. ఒకదానిపై ఒకటి ఆధారపడిన గణిత భావనల్లో ఎక్కువ.

గైర్హాజరుపై అధ్యయనాలు

2003లో దేశంలోని 20 రాష్ట్రాల్లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ముందు చెప్పకుండా వెళ్ళి చూసిన ఒక పెద్ద సర్వేలో, నలుగురు ఉపాధ్యాయుల్లో ఒకరు బడిలో లేరని తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు అంతే. క్రెమర్, మురళీధరన్, వారి సహ పరిశోధకులు ప్రచురించిన ఈ ఫలితం ఇప్పటికీ ఉపన్యాసాల్లో వినబడుతుంది. అయితే ఇందులో ‘లేరు’ అంటే ఏ కారణంతోనైనా లేరనే. మంజూరైన సెలవు కూడా అందులో ఉంది.

అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో జరిపి 2017లో వెలువరించిన అధ్యయనం ఈ లెక్కను విడదీసింది. బడిలో లేనివారు 18.5 శాతం. ఏ కారణమూ లేకుండా ఎగ్గొట్టినవారు 2.5 శాతమే. మిగిలినవారు సెలవులోనో, శిక్షణలోనో, మరో ప్రభుత్వ పనిలోనో ఉన్నారు. ఈ రెండు అధ్యయనాలను ఎదురెదురుగా నిలబెట్టి వాదించేవారున్నారు. నిజానికి ఇవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఉపాధ్యాయుని నిజాయితీ గురించి అడిగితే రెండో అధ్యయనం ఊరటనిస్తుంది. తరగతిలో కూర్చున్న పిల్ల కోణం నుంచి చూస్తే 2.5 కాదు, 18.5 ముఖ్యం. టీచరు ఏ కారణంతో రాలేదన్నది ఆ పిల్ల తీసివేతను మార్చదు.

ఇక హాజరు పెంచే ప్రయత్నాలు. రాజస్థాన్‌లోని ఉదయపూర్ ప్రాంతంలో సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే అనియత ఏకోపాధ్యాయ కేంద్రాల్లో 2003లో ఒక ప్రయోగం మొదలైంది. రోజు మొదట్లో, చివర్లో పిల్లలతో కలిసి ఫొటో తీయించుకోవాలి, దానిపై తేదీ, సమయం పడతాయి. వచ్చిన రోజులను బట్టి జీతం. గైర్హాజరు 42 శాతం నుంచి 21 శాతానికి తగ్గింది, పిల్లల మార్కులూ పెరిగాయి. కానీ వారు ఒప్పంద ఉపాధ్యాయులు, సెలవు నియమావళి ఉన్న రెగ్యులర్ ఉద్యోగులు కారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ముఖ గుర్తింపు హాజరు యాప్‌ను దీనితో పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. యాప్ ఆలస్యాన్ని, దొంగ హాజరును పట్టుకోగలదు. మంజూరైన సెలవు రోజున తరగతికి ఎవరు వెళ్ళాలో చెప్పలేదు.

మన దగ్గరే 2005-06 నుంచి గ్రామీణ పాఠశాలల్లో జరిగిన మరో ప్రయోగం ఇంకా ఆసక్తికరం. పిల్లల మార్కులు పెరిగితే ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చారు. రెండేళ్ళలో మార్కులు పెరిగాయి, గైర్హాజరు మాత్రం తగ్గలేదు. వచ్చిన రోజుల్లోనే అదనపు తరగతులు తీసుకున్నామని, ఇంటిపని ఎక్కువ ఇచ్చామని ఆ ఉపాధ్యాయులు చెప్పారు. హాజరు పట్టీ ఒక్కటే చూసి బోధన నాణ్యతను కొలవలేమని దీనివల్ల తెలుస్తుంది.

ఏ సెలవు, ఎప్పుడు?

అనారోగ్యం, ప్రసూతి, ఇంట్లో మరణం గురించి చర్చ అనవసరం. జ్వరంతో బడికి వచ్చి బల్ల మీద తల పెట్టుకుని పడుకునే ఉపాధ్యాయుడు ఎవరికీ మేలు చేయడు, పైగా జబ్బు పిల్లలకు అంటిస్తాడు. ప్రసూతి సెలవు ఎంత దీర్ఘమైనా నెలల ముందే తెలుస్తుంది కాబట్టి ప్రత్యామ్నాయం ఏర్పాటు చేసుకోవచ్చు. చెప్పాపెట్టకుండా వచ్చే ఒంటి రోజు సెలవే తరగతిని ఎక్కువ దెబ్బతీస్తుంది.

పెళ్ళిళ్ళ సంగతి వేరు. శ్రావణంలోనూ మాఘంలోనూ ముహూర్తాలు పని దినాల్లోనే వస్తాయి. పంచాంగం విద్యాశాఖను అడిగి ముహూర్తం పెట్టదు కదా. సొంత బిడ్డ పెళ్ళికి వారం సెలవు పెట్టడం సహజం. ఇల్లు కట్టడం, దూరపు తీర్థయాత్ర, అత్యవసరం కాని శస్త్రచికిత్స వంటివి మాత్రం వేసవికి జరుపుకోవచ్చు, జరుపుకోవాలి కూడా. సంపాదిత సెలవు తగ్గించి ఇచ్చింది అందుకే.

నిజంగా అభ్యంతరకరమైనది డిసెంబరు హడావుడి. విద్యాసంవత్సరం జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. సాధారణ సెలవుల ఖాతా జనవరిలో మొదలై డిసెంబరు 31తో మురిగిపోతుంది. మిగిలిన సెలవులు పోతాయని ఆ నెలలో ఒకరి తర్వాత ఒకరు వాడేస్తారు. సంక్రాంతి లోపు పదో తరగతి సిలబస్ పూర్తి చేయాల్సిన రోజులు కూడా అవే. ఈ తప్పు సగం ఉపాధ్యాయులది, సగం నియమానిది. ఖాతాను జూన్ నుంచి లెక్కిస్తే ఆ హడావుడి బడులు మూతపడే రోజుల దగ్గరికి జరుగుతుంది, నష్టం తగ్గుతుంది. తేదీ వేయని సెలవు చీటీని బీరువాలో ఉంచి, తనిఖీ అధికారి వస్తేనే తేదీ వేసే అలవాటును మాత్రం సెలవు అనకూడదు. అది దొంగ హాజరు.

ప్రధానోపాధ్యాయుడు చేయగలిగినవి

నెల మొదట్లో సిబ్బంది సమావేశంలో ముందే తెలిసిన సెలవులను ఒక కాగితం మీద రాయించండి. ఒకే రోజు ఇద్దరివి పడితే అక్కడే సర్దుకోవచ్చు. ప్రతి ఉపాధ్యాయుడూ తన తరగతికి రెండు రోజులకు సరిపడే పనిని, అంటే చదవాల్సిన కథ, చేయాల్సిన లెక్కలు, జట్టు పనిని, ఒక ఫైలులో సిద్ధంగా ఉంచితే అకస్మాత్తు సెలవు రోజున వెళ్ళినవారికి దారి దొరుకుతుంది. అందులో కొత్త భావన పెట్టకండి, నేర్చుకున్నదాని అభ్యాసమే ఉండాలి. ఏకోపాధ్యాయ పాఠశాలలకు ఇది సరిపోదు. వాటి కోసం కాంప్లెక్సు స్థాయిలో, తరగతి బాధ్యత లేని ఒక ఉపాధ్యాయుణ్ణి కేటాయించడం తప్ప మరో మార్గం కనబడదు. ఆ ఖర్చు పెట్టనంత కాలం ఆ ఊళ్ళలో ఉపాధ్యాయుని జ్వరం పిల్లల సెలవుగానే మారుతుంది.

కృత్యం

మీ పాఠశాలలో గత విద్యాసంవత్సరపు హాజరు పట్టీ తీసుకోండి. నెలవారీగా ఉపాధ్యాయులు బడిలో లేని రోజులను సెలవు, శిక్షణ, ఇతర ప్రభుత్వ పని అని మూడు వరుసల్లో రాయండి. ఏ నెలలో ఎక్కువగా ఉన్నాయి? ఆ రోజుల్లో ఆ తరగతులకు ఎవరు వెళ్ళారు? జవాబులు మీ సహోపాధ్యాయులతో చర్చించి, సుమారు 200 పదాల్లో నివేదిక రాసి తరువాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి.