చుట్టాలకి పక్క ఎక్కడ వేద్దాం?

ఎర్రమంజిల్‌లో కాపురం పెడితే చుట్టాలు రారేమోనన్న బెంగ అక్కర్లేదు. నడిచి వెళ్లేంత దూరంలో నిమ్స్ ఆసుపత్రి. మెట్రో ఎక్కితే పక్క స్టేషన్ పంజాగుట్ట, ఆ తర్వాతది అమీర్‌పేట. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో మొదలయ్యాక దారి మరీ సులువైంది. విజయవాడ రోడ్డు మీద వచ్చేవాళ్లు ఎల్బీనగర్‌లో బస్సు దిగినా, వేరే వైపుల నుంచి వచ్చేవాళ్లు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగినా, రైలు మారే పని లేకుండా నేరుగా మా దగ్గర దిగిపోవచ్చు. ఆసుపత్రి పని మీద పెద్దవాళ్లు, కోచింగ్ కోసం, ఇంటర్వ్యూల కోసం తమ్ముళ్లు, చీరల కోసం వదినలు... వచ్చేవాళ్లకి లోటు లేదు. లోటల్లా చోటుకే!

ఈ పేటకి పేరిచ్చిన ఇర్రమ్ మంజిల్ ప్యాలెస్‌ని నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించాడు. అందులో 150కి పైగా గదులున్నాయని చెబుతారు. మాది అదే పేరున్న పేటలో 550 చదరపు అడుగుల అద్దె ఇల్లు. ఒక్క బెడ్‌రూమ్, 10×12 అడుగుల హాలు. నేను, మా ఆవిడ ఇద్దరం సాఫ్ట్‌వేరే. మామూలు రోజుల్లో ఇల్లు సరిపోతుంది. ఊరి నుంచి ఫోనొస్తే మాత్రం ‘పక్క ఎక్కడ వేద్దాం?’ అన్న ప్రశ్న వస్తుంది.

మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితా? అయితే మంచం కొనేముందు ఈ నాలుగు మాటలు చదవండి.

పడుకునేది ఎవరు?

షాపులో ముందుగా అడిగేది ‘బడ్జెట్ ఎంత సార్?’ అని. తర్వాత ‘స్థలం ఎంతుంది?’ అని. రెండూ అవసరమే గానీ, వాటికంటే ముందు అడగాల్సింది దాని మీద పడుకునేది ఎవరని. మేం ఫోన్లో క్యాలెండర్ తిరగేసి, ఏడాదిలో మా ఇంట్లో ఎవరెన్ని రాత్రులు ఉన్నారో ఎక్సెల్‌లో రాసుకున్నాం. మొత్తం 25 రాత్రులు. అందులో 16 రాత్రులు అరవై దాటినవాళ్లవే. అందరూ డాక్టర్‌కి చూపించుకోవడానికి వచ్చినవాళ్లే. అంటే మేం కొనాల్సింది కాలేజీ కుర్రాడి నడుముకి సరిపోయే పక్క కాదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేవగలిగే మంచం.

ఇంజినీర్ బుద్ధి కదా, ఇంకో లెక్క కూడా వేశాను. మా అద్దె 18 వేలు. చదరపు అడుగుకి నెలకి సుమారు 33 రూపాయలు. 6×3 అడుగుల మంచం 18 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. నెలకి దాదాపు 590, ఏడాదికి ఏడు వేల పైచిలుకు. దాన్ని 25 రాత్రులతో భాగిస్తే రాత్రికి 280 రూపాయలు దాటుతుంది, మంచం ఖరీదు కాకుండానే! ‘ఇంతకన్నా లాడ్జి బుక్ చేస్తే నయం కదా’ అన్నాడు మా ఆఫీసు మిత్రుడు. లెక్క తప్పు కాదు. కానీ అందులో మా చిన్నమ్మ లేదు.

‘గింత చాప ఇస్తే సాలు’

చిన్నమ్మది సూర్యాపేట దగ్గర పల్లె. మోకాళ్లు చూపించుకోవడానికి మూణ్ణెల్లకోసారి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట: ‘నాకేం గావాలె బిడ్డా, గింత చాప ఇస్తే సాలు. మీరు మంచి మీద పండుకోండ్రి.’ మా మంచం ఆమెకిచ్చి మేం హాల్లో పడుకుంటామంటే అసలు ఒప్పుకోదు. పొద్దున మీరు ఆఫీసులకు పోవాలె అంటుంది. కింద పరుపు మీదే పడుకుంటుంది. తెల్లవారుజామున లేవాలంటే మాత్రం ఒక చేత్తో టీపాయ్, ఇంకో చేత్తో గోడ పట్టుకోవాలి.

ఒకసారి ఆసుపత్రికి వచ్చి, మాకు చెప్పకుండానే అదే రోజు సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయింది. రెండ్రోజుల తర్వాత అమ్మ చెబితే తెలిసింది. ఫోన్ చేసి అడిగితే ‘మిమ్మల్ని తిప్పలు వెట్టుడెందుకు బిడ్డా’ అంది. నొప్పి కాళ్లతో పొద్దునా సాయంత్రం బస్సులో కూర్చోవడమే ఆమెకి తేలికనిపించింది. ఇలాంటి మనిషికి ‘లాడ్జి బుక్ చేశాం’ అని చెప్పగలమా? చెప్పినా వెళ్తుందా? ఆ వారమే మంచాల వేటలో పడ్డాం.

ఏది ఎవరికి?

గాలి పరుపు: మడిస్తే బ్యాగులో పడుతుంది. పంపుతో గాలి నింపితే చాలు. కానీ పక్కకి తిరిగినప్పుడల్లా ఊగుతుంది. అంచు మీద కూర్చుని లేవబోతే అది కిందకి నొక్కుకుపోతుంది. చిన్న చిల్లు పడినా తెల్లారేసరికి మనిషి నేల మీదుంటాడు. కుర్రాళ్లకి ఓకే, పెద్దవాళ్లకి వద్దు.

మూడు మడతల ఫోమ్ పరుపు: తేలిక, చవక. పగలు మడిచి మూలన పెట్టుకోవచ్చు. నేల మీద పడుకోగలిగే వాళ్లకి మంచి ఎంపిక.

మడత మంచం: స్థలం బాగా కలిసొస్తుంది. అయితే నేను కొలిచిన వాటిలో ఎక్కువ భాగం 14 అంగుళాల ఎత్తు లోపే ఉన్నాయి. పలచటి గుడ్డ పట్టీ ఉన్నవైతే మధ్యలో గుంట పడతాయి. ఆ గుంటలోంచి లేవడం నేల మీంచి లేవడం కన్నా కష్టం. కొనాలనుకుంటే గట్టి ఇనుప ఫ్రేము, ప్లైవుడ్ పలక ఉన్నది చూడండి.

సోఫా కమ్ బెడ్: పగలు సోఫా, రాత్రి మంచం. ఆలోచన బాగుంది. కాకపోతే రెండు భాగాలు కలిసే చోట గాడి నడుముకి తగులుతుందేమో పడుకుని చూడాలి. సోఫా ముందు ఖాళీ కూడా కావాలి, అంటే రాత్రి పూట టీపాయ్ ఎక్కడో పెట్టాలి. లాగడానికి బలం అవసరమైతే, మనం ఆఫీసులో ఉన్నప్పుడు మధ్యాహ్నం పెద్దాయన నడుం వాల్చాలంటే ఎలా?

గోడ మంచం: వాడనప్పుడు పైకెత్తి గోడలోకి మూసేసేది. గత శతాబ్దం మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక్కగది ఇంట్లో ఉన్న విలియం మర్ఫీ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అందుకే మర్ఫీ బెడ్ అంటారు. 1916లో చాప్లిన్ ‘వన్ ఏ.ఎమ్.’ సినిమాలో ఇలాంటి మంచంతో కుస్తీ పట్టి పట్టి, చివరికి బాత్‌టబ్‌లో పడుకుంటాడు! సొంతిల్లయితే ఆలోచించవచ్చు. దీన్ని గోడకి గట్టిగా బిగించాలి కాబట్టి అద్దె ఇంట్లో ఓనర్‌ని అడగడానికే ధైర్యం కావాలి.

నిజానికి ఈ ఉపాయం మనకి కొత్త కాదు. ఊళ్లో నులక మంచాన్ని, నవారు మంచాన్ని పగలు గోడకి నిలబెట్టేవాళ్లు. ఎవరైనా గుమ్మంలోకి రాగానే ముందు మంచం వాల్చేవాళ్లు, తర్వాతే మంచినీళ్లు. వచ్చిన మనిషి అడగకముందే చోటు చూపించడమన్నమాట.

మేం చివరికి తీసుకున్నది దివాన్. 6×3 అడుగులు, కింద సామాను పెట్టుకునే పెట్టె. పగలు అదే మాకు సోఫా. పాత సోఫా అమ్మేశాం కాబట్టి అదనంగా చోటు పట్టలేదు, నా అద్దె లెక్క కూడా తేలిపోయింది. పెట్టెలోనే ఒక మూడు మడతల పరుపు ఉంటుంది. చిన్నమ్మతో పాటు తమ్ముడు వచ్చినా ఇబ్బంది లేదు.

కొనేముందు కొలతలు

ఎత్తు ముఖ్యం. పరుపుతో కలిపి 17, 18 అంగుళాలు, అంటే మామూలు కుర్చీ అంత ఉండాలి. కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. మాది చెక్క 14, పరుపు 4 అంగుళాలు.

ఫోమ్ పరుపుకి డెన్సిటీ అడగండి. డెన్సిటీ 40 అంటే ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుందని. ఆ లెక్కన 6×3 అడుగుల, 4 అంగుళాల పరుపు దాదాపు 7 కిలోలుండాలి. చేత్తో ఎత్తితే మరీ దూదిలా ఉందంటే షాపతను చెప్పే అంకెని అనుమానించండి. బూరుగు దూది పరుపు వేసవిలో హాయిగా ఉంటుంది గానీ అప్పుడప్పుడూ ఎండలో వేయాలి. బాల్కనీలో ఎండ పడని ఇళ్లకి అది కష్టం.

పాత అపార్ట్‌మెంట్లలో లిఫ్టులు చిన్నవి. విడదీసి నట్లతో బిగించుకునే దివాన్ అయితేనే పైకి చేరుతుంది. కొనేముందు ఆ కొలతకి న్యూస్‌పేపర్లు నేల మీద పరిచి, రెండ్రోజులు వాటి చుట్టూ తిరిగి చూడండి. తలుపు పూర్తిగా తెరుచుకుంటోందా, బాత్‌రూమ్‌కి దారి ఉందా అన్నది తెలిసిపోతుంది.

మంచంతోనే అయిపోదు. రాత్రి లేచినప్పుడు దారి కనిపించేలా ఒక చిన్న బెడ్‌లైటు. చేతికందేలా మంచినీళ్ల సీసా, మందుల కవరు, ఫోన్ ఛార్జర్ పెట్టుకునే స్టూలు. నాకు అమెరికా టీమ్‌తో రాత్రి మీటింగులుంటాయి కాబట్టి హాల్లోని టేబుల్‌ని బెడ్‌రూమ్‌లోకి మార్చాం. ఇప్పుడు హాల్లో లైటు తొమ్మిదిన్నరకే ఆర్పేయొచ్చు. మందులు వేసుకుని పెందలాడే పడుకునేవాళ్లు మన కాల్ అయ్యేదాకా మేలుకుని కూర్చోనక్కర్లేదు.

ఇంకో సంగతి. వాళ్లు వచ్చేసరికి పక్క వేసి ఉంచండి. వచ్చాక సామాను జరుపుతూ, పరుపులు దులుపుతూ కనిపిస్తే ‘అయ్యో, వీళ్లకెంత పని పెట్టాం’ అనుకుంటారు. మళ్లీ వచ్చేటప్పుడు రెండుసార్లు ఆలోచిస్తారు. దివాన్ వచ్చాక చిన్నమ్మ ‘చాప’ మాట ఎత్తలేదు. ఎవరి మంచమూ లాక్కోవట్లేదని ఆమెకి కనిపిస్తోంది. ఈసారి ఒక రాత్రి అదనంగా ఉండి, నాకు పచ్చిపులుసు కూడా చేసి పెట్టింది.

షాపుకి వెళ్లేటప్పుడు టేపుతో పాటు ఇంట్లో పెద్దవాళ్లని ఒకరిని తీసుకెళ్లండి. మంచం మీద కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు పడుకోనిచ్చి, చేతులు ఆనించకుండా లేవమనండి. సులువుగా లేచారా, అప్పుడు ధర బేరమాడండి.